మూడో ఈక్వల్‌టూ

క్లాసులో ఎవరైనా లేచి, "సార్, రెండు ఆబ్జెక్టుల్లో ఉన్నవన్నీ ఒకటే అయితే ఆ రెండూ ఒకటే కదండీ?" అని అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం, పిల్లలు తెలీక అడుగుతారు. నా కోపం వాళ్ళ మీద కాదు. ఆ ప్రశ్నకి తప్పుడు జవాబు చెప్పుకుని, అది చాలక దాన్ని తీసుకెళ్ళి ఒక రక్తపరీక్షల ల్యాబులో పెట్టి, మా అన్న ప్రాణం తీసినవాళ్ళ మీద. ప్రాణం తీశారనడం పెద్దమాటే. అంతకంటే చిన్నమాట ఇన్నేళ్ళుగా వెతుకుతున్నా నాకు దొరకలేదు.

అన్నంటే సొంత అన్న కాదు, మా పెదనాన్న కొడుకు. నాకంటే నెల పెద్ద. ఆ నెల పెద్దరికాన్ని మాత్రం ఎక్కడా వదిలేవాడు కాదు. మామిడికాయ చెక్కల్లో పెద్ద చెక్క వాడిదే, సైకిలు ముందుసీటు వాడిదే. "అన్నని 'ఏరా' అంటే కళ్ళు పోతాయి" అని బెదిరించేవాడు. నేను 'ఏరా' అనే పిలిచాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి.

మేం పుట్టడానికి ముందు ఏడే మా తాత పోయాడు. పెదనాన్న తన కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు. నెల తిరక్కుండా నేను పుడితే, మా నాన్న కూడా అదే పేరు పెడతానని పట్టుబట్టాడు. "ఆయన మా అన్నకొక్కడికేనా నాన్న? నాక్కాదా?" అని ఒకటే గొడవంట. ఇక చేసేదేముంది, ఇద్దరికీ అదే పేరు. చెరుకుపల్లి చుట్టుపక్కల ఇదేం వింత కాదు. ఒక్క తాత పేరు నలుగురు మనవలకి ఉన్న ఇళ్ళు నాకు తెలుసు. అలా మా ఇద్దరికీ ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి, ఊరు ఒకటి, వయసు ఒకటి అయింది.

ఇంట్లో మాత్రం ఆ పేరు వినపడేది కాదు. కోడళ్ళు మావగారి పేరు నోటితో పలకరు కదా. అందుకని మా అమ్మా, పెద్దమ్మా కలిసి వాణ్ణి పెద్దతాతని, నన్ను చిన్నతాతని చేశారు. "పెద్దతాతా, చద్దన్నం తిని పో." "చిన్నతాతా, లాగూ ఎగదీసుకో." దారినపోయేవాళ్ళు ఏ ముసలాయనో వస్తాడని చూస్తే, ముక్కు కారుతూ మేం వచ్చేవాళ్ళం. పెద్దమ్మ పట్టింపు మరీ ఎక్కువ. వాణ్ణి బళ్ళో వేసినరోజు హెడ్మాస్టారు "పేరేంటమ్మా?" అంటే ఆవిడ తలొంచుకుని నిలబడి, తోడొచ్చిన పక్కింటావిడ చేత చెప్పించిందట. ఆ పేరు ఆవిడ నోట నేను ఎప్పుడూ వినలేదు.

డిగ్రీ అయ్యాక వాడు బాపట్లలో కాలేజీ దగ్గర జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. నేను తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రాము భాష చెప్పడానికి చేరాను. రెండువేల అయిదో, ఆరో. అప్పుడే ఆ భాష నాలుగో వెర్షన్ నించి అయిదో వెర్షన్‌కి మారుతోంది. మా సెంటర్లో సగం కంప్యూటర్లలో పాతది, సగంలో కొత్తది. ఒకే ప్రోగ్రాము ఈ బెంచీ మీద ఒక జవాబు, ఆ బెంచీ మీద ఇంకో జవాబు చెప్పేది. పిల్లలు జుట్టు పీక్కునేవాళ్ళు. వాళ్ళకి నేను స్టీలు గ్లాసుల లెక్కన చెప్పేవాణ్ణి.

"రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకే సైజు, ఒకే బరువు, రెండిటి మీదా ఒకే పేరు కొట్టించారు. 'ఈ రెండూ ఒకటేనా?' అని నాలుగో వెర్షన్‌ని రెండు ఈక్వల్‌టూలు పెట్టి మామూలుగా అడిగినా, మూడు పెట్టి గట్టిగా అడిగినా 'ఆఁ, ఒకటే' అంటుంది. పేరు చూస్తుంది, సైజు చూస్తుంది, అంతే. అయిదో వెర్షన్‌ని రెండు పెట్టి అడిగితే అదే పాతమాట చెబుతుంది. మూడు పెట్టి అడిగారా, 'ఒకేలా ఉన్నాయి గాని ఇది వేరే గ్లాసు' అంటుంది. అదే గ్లాసుని రెండోసారి చూపిస్తే తప్ప ఒకటేనని ఒప్పుకోదు."

పిల్లలకి ఎక్కేది. మా సెంటర్ నడిపే సారుకే ఎక్కలేదు.

ఆ సారు తెనాలిలోనే ఒక ల్యాబుకి ప్రోగ్రాము రాసిచ్చాడు. ల్యాబాయనకి రేపల్లెలో ఒకటి, బాపట్లలో ఒకటి రక్తం తీసే గదులుండేవి. అక్కడ రక్తం తీసి, ట్యూబుకి పేరున్న చీటీ అంటించి, థర్మకోల్ పెట్టెలో ఐసుముక్కల మధ్య పేర్చి రైలెక్కించేవాళ్ళు. రేపల్లె ప్యాసింజర్లో ఒక పెట్టె, బాపట్ల నించి చుండూరు మీదుగా వచ్చే బండిలో ఇంకో పెట్టె. పరీక్షలన్నీ తెనాలిలోనే. మర్నాటికి రిపోర్టులు వెనక్కి వెళ్ళేవి.

మావైపు జనానికి ఒక డాక్టరు మాట మీద నమ్మకం ఉండదు. రేపల్లెలో ఒక డాక్టరుకి చూపించుకుని రక్తమిస్తారు. ఆ రిపోర్టు రాకముందే ఎవరో "బాపట్లాయన హస్తవాసి మంచిది" అన్నారని బస్సెక్కుతారు. అక్కడ మొదటి డాక్టరు సంగతి ఎత్తకుండా, మళ్ళీ అదే పరీక్షకి రక్తమిస్తారు. ఆ రెండు ట్యూబులూ తిరిగి తిరిగి తెనాలిలో ఒకే బల్ల మీదికి వచ్చి పడేవి. పరీక్ష మందులు రెండుసార్లు దండగని ల్యాబాయనకి అది కడుపుమంట. "ఒకే మనిషి, ఒకే పరీక్ష నెలలోపు మళ్ళీ వస్తే రెండోసారి చెయ్యద్దండి. ముందు చేసిందే తీసి ప్రింటు కొట్టెయ్యాలి. తేదీ మాత్రం ఆ రోజుదే పడాలి, పాత తేదీ ఉంటే డాక్టర్లు ఊరుకోరు" అన్నాడు. మా సారు "దానికేంటండీ" అని రాసేశాడు. మనిషి ఒకడేనా కాదా అని ప్రోగ్రాము ఎలా తేల్చాలి? పేరు, ఇంటిపేరు, ఊరు, వయసు. అన్నీ కలిస్తే ఒకడే. మూడు ఈక్వల్‌టూలు పెట్టాడు. నాలుగో వెర్షన్ మీద అది నడిచిపోయింది.

ఎండాకాలంలో కరెంటు ఎగిరెగిరి పడి ల్యాబు కంప్యూటర్ కాలిపోయింది. కొత్తది కొన్నారు. కొత్త సీడీ, అయిదో వెర్షన్. అదే ప్రోగ్రామూ, విడిగా దాచిన పాత రిపోర్టులూ దాన్లోకి ఎక్కించారు. మర్నాడు పొద్దున్నే ల్యాబాయన ఫోను.

"ఏంటండీ మీ ప్రోగ్రాము? తెనాలి మొత్తం నిన్న రాత్రే పుట్టిందా? ఎవరి పేరు కొట్టినా కొత్త పేషెంటు అంటోంది! ఏళ్ళతరబడి నెలనెలా వచ్చే షుగరాయన్ని కూడా ఎవరో తెలీదంటోంది!"

అది అంతే అంటుంది. మూడు ఈక్వల్‌టూలు పెట్టి అడిగితే, లోపల ఉన్న గ్లాసూ ఇప్పుడు చేతిలో ఉన్న గ్లాసూ వేర్వేరు. అయిదో వెర్షన్ అబద్ధం చెప్పదు. సారూ నేనూ ల్యాబుకెళ్ళాం. ఆయన కుర్చీలో కూర్చుని, ఎక్కడెక్కడ మూడున్నాయో వెతికి, మూడోది తీసెయ్యడం మొదలెట్టాడు.

నేను ఆగలేకపోయాను. "సార్, పాతదే తప్పండి. కొత్తది ఆ తప్పు పట్టుకుంది. మళ్ళీ పాతదానిలా చెయ్యడమేంటండీ? మనిషికో నంబరిద్దాం. కార్డు మీద రాసిద్దాం. నంబరు కలిస్తేనే ఒకడు."

"నంబర్లెవడు గుర్తు పెట్టుకుంటాడయ్యా? జనం కార్డులు పారేస్తారు. నువ్వు క్లాసులో చెప్పుకో అవన్నీ."

ల్యాబాయన పక్కనే నిలబడి ఉన్నాడు. "ఇంటిపేరూ, పేరూ, ఊరూ, వయసూ అన్నీ కలిసిన ఇద్దరు ఎక్కడుంటారండీ లోకంలో?"

"మా ఇంట్లోనే ఉన్నామండి!" అన్నాను. మా తాత సంగతి, పేర్ల సంగతి చెప్పాను.

ల్యాబాయన పకపకా నవ్వాడు. "అయితే మీ అన్నగారిని మా ల్యాబుకి రావద్దని చెప్పండి!" సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. కంప్యూటర్లో ఎంట్రీలు కొట్టే అమ్మాయి కూడా నవ్వింది. ఇక నేను కూడా ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాను.

సవరించాక సరిగ్గా ఉందో లేదో చూడాలిగా. "మీరే ఇవ్వండి రక్తం, అన్ని పరీక్షలూ ఊరికే చేస్తాం" అన్నాడు ల్యాబాయన. తెనాలిలో ఒక ట్యూబు ఇచ్చాను. మర్నాడు రేపల్లె వెళ్ళి ఇంకోటిచ్చాను. ఊరడిగితే మా ఊరే చెప్పాను. రేపల్లె పెట్టె తెనాలి చేరి, అమ్మాయి నా పేరు కొట్టగానే, "ఈ పేషెంటుకి ఈ పరీక్ష అయింది" అని తెర మీద పడింది. ట్యూబు పక్కనపెట్టి, ముందురోజు రిపోర్టే ఆ రోజు తేదీతో ప్రింటయింది. సారు నా భుజం తట్టాడు. అలా నా శుభ్రమైన రక్తం ఆ కంప్యూటర్లోకెళ్ళి కూర్చుంది.

మా పెద్దతాతకి అప్పటికే నడుం నొప్పి. పొద్దస్తమానం జిరాక్సు మిషను ముందు నిలబడితే రాక ఏం చేస్తుంది? మందులషాపులో నొప్పిబిళ్ళలు తెచ్చుకుని బఠాణీల్లా నమిలేవాడు. పాదాలు వాచాయి. బాపట్ల డాక్టరు మంచాయనే. "ఈ బిళ్ళలు కిడ్నీల్ని తినేస్తాయయ్యా. ముందు రక్తం చూద్దాం. అది బాగుంటేనే ఇంజక్షన్లు" అన్నాడంట. ఆ నెల్లోనే వాడు వీధి చివరున్న గదిలో రక్తమిచ్చాడు. ఏ ఊరని అడిగితే, బాపట్లలో కాపురముంటూ కూడా పుట్టిన ఊరే చెప్పాడు. మావాళ్ళంతా అంతే, ఎక్కడ బతికినా ఊరంటే అదే.

రెండ్రోజులకి షాపు నించి నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్ చిన్నతాతా! నడుం నొప్పికి రక్తం పరీక్ష చేయించార్రా. పాలలా ఉందంట."

"రక్తం పాలలా ఉండటమేంట్రా?"

"శుభ్రంగా ఉందనిరా, మొద్దుమొహమా! కిడ్నీలు గుర్రంలా ఉన్నాయంట. ఇంజక్షన్లు రాశాడు. పెద్దమ్మకి చెప్పు, ఊరికే కంగారు పడుతోంది." వాడికి పెద్దమ్మంటే మా అమ్మ. వరసకి పిన్నే గాని, ఒళ్ళు పెద్దదని వాడలా పిలిచేవాడు.

పోన్లే, గండం గడిచిందనుకున్నాను. బాపట్లలో రక్తం తీసే గదులు వీధికొకటి. అది ఎవరిదని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఇంజక్షన్లు పడ్డాయి, బిళ్ళలు పడ్డాయి. మధ్యలో ఒకసారి మిషను సామానుకోసం తెనాలి వచ్చాడు. స్టేషన్లో చూసి మొహం నిండుగా ఉందనుకున్నాను. "సంబంధాలు చూస్తున్నారనగానే ఒళ్ళు చేశావే!" అని ఏడిపించాను. "దిష్టి పెట్టకురా" అన్నాడు. నీరు పట్టిందని మా ఇద్దరికీ తెలీదు. ఫ్లాట్‌ఫాం మీద నాలుగు అడుగులేసి ఆయాసపడుతుంటే, సామాను నేనే మోసుకొచ్చి బండెక్కించాను.

తర్వాత వారమో, పదిరోజులో. షాపులోనే పడిపోయాడు. పెదనాన్న, పెద్దమ్మ గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కబురు తెలిసి నేను పరుగెత్తాను. కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. అక్కడి డాక్టరు బాపట్ల రిపోర్టు చూసి, వాణ్ణి చూసి, మళ్ళీ రిపోర్టు చూశాడు.

"ఇది ఎవరిదమ్మా?"

"మావాడిదేనండి" అంది పెద్దమ్మ. "పేరు చూడండి, మావాడి పేరేనండి."

"పేరు కాదమ్మా. రక్తం. కొద్దివారాల క్రితం ఇంత శుభ్రంగా ఉన్న మనిషికి ఇప్పుడిలా అవ్వదు. ఈ రక్తం ఈ అబ్బాయిది కాదు. ఇది చూసి ఆ ఇంజక్షన్లు ఇచ్చారా? అయ్యయ్యో."

ఆ కాగితం మీద పైన ఉన్న ల్యాబు పేరు నాకు అప్పుడు కనపడింది. గోడ పట్టుకుని కింద కూర్చున్నాను. ఎవరి రక్తమో ఆ డాక్టరుకి తెలీదు, నాకు తెలుసు. కొత్త కంప్యూటర్ పెట్టాక, సారు ఆ మూడో ఈక్వల్‌టూ తీసేదాకా, ఒక రోజున్నర ఆ ల్యాబు వచ్చినవాళ్ళందర్నీ వేరేవాళ్ళన్నది. అందరూ తిట్టారు. వాడి ట్యూబు ఆ రోజున్నరలో వచ్చుంటే వాడి రక్తం వాడిదిగా పరీక్షయ్యేది.

తిన్నగా తెనాలి వెళ్ళాను. వాడి ట్యూబేదని అడిగాను. వాడనివి ఎప్పటికప్పుడు పారేస్తారుట. ల్యాబాయన చావుకబురు చల్లగా చెప్పినట్టు చెప్పాడు. "మీరే చూడండి. ఇంటిపేరు అదే, పేరు అదే, ఊరు అదే, వయసు అదే. మా తప్పేముందండీ? మిషను కరెక్టుగానే చేసింది."

"కరెక్టా? మా ఇంట్లో ఇద్దరున్నామని ఈ కుర్చీ దగ్గర నిలబడి చెప్పలేదుటండీ? రావద్దని చెప్పమని నవ్వలేదుటండీ మీరు?"

ఆయనకి గుర్తుంది. మొహం తిప్పుకున్నాడు. మా సారుకి ఫోన్ చేసి పిలిపించాడు. సారు వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, "నువ్వే కదయ్యా టెస్టు చేసి బాగుందన్నది?" అన్నాడు.

ఆ చెయ్యి విదిలించి కొట్టాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశావు గదయ్యా అని, నోటికొచ్చిందల్లా అన్నాను. సారని చూడలేదు, పెద్దాయనని చూడలేదు. తర్వాత ఆ అమ్మాయిని లేపి, ఆ కుర్చీలో కూర్చుని, ఆయన తీసేసిన చోటల్లా మూడో ఈక్వల్‌టూ మళ్ళీ పెట్టాను. "రేపట్నించి అందర్నీ కొత్తవాళ్ళే అంటుంది. అననీండి. అన్ని ట్యూబులూ పరీక్ష చేసి చావండి" అన్నాను. ఎవరూ అడ్డం రాలేదు. నా ఉద్యోగం అక్కడితో సరి. తర్వాత వాళ్ళు కార్డుల మీద నంబర్లు ఇస్తున్నారని విన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎవరిక్కావాలి?

గుంటూరులో వాడికి మిషను మీద రక్తం శుద్ధి చేస్తున్నారు. తెలివిగానే ఉన్నాడు. వాడి దగ్గర కూర్చుని చెప్పాను. "ఆ రిపోర్టు నీది కాదురా. నాది. నీ ట్యూబు పారేశారు."

"అయితే పాలలా ఉన్నది నీ రక్తమా?"

"ఊఁ."

"పోన్లే. ఇద్దర్లో ఒక తాతకన్నా బాగుంది." కొంచెం నవ్వబోయి దగ్గాడు. "నన్ను ఒక్కసారైనా అన్నయ్యా అనరా, వెధవా."

అన్నాను. వాడు బతకలేదు.

ఊరికి తీసుకొచ్చారు. వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్ళంతా పెద్దతాతా, పెద్దతాతా అని ఏడుస్తున్నారు. మా అమ్మ సొమ్మసిల్లింది. పెద్దమ్మ మాత్రం వాడి పాదాల దగ్గర కూర్చుని, వాపు మీద వేలితో నొక్కి, గుంట పడితే చూస్తోంది. కంట చుక్క లేదు. ఎవరు కదిపినా పలకలేదు. పాడె ఎత్తడానికి మగవాళ్ళం వంగాం. ముందు కర్ర పట్టుకున్నది నేను.

అప్పుడు అరిచింది. పెద్దతాతా అని కాదు. మావగారి పేరు. బళ్ళో హెడ్మాస్టారుకి కూడా చెప్పని పేరు, ఇంటిపేరుతో సహా, గొంతు చీలిపోయేట్టు అరిచింది. తెనాలిలో అందరూ నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. నాకు తెలీకుండానే నా నోట్లోంచి వచ్చేసింది.

"ఆఁ, పెద్దమ్మా."

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"నిన్ను కాదు నాయనా" అంది. "వాణ్ణి."